మార్చుకున్న గడియారాలు

“జేబు గడియారం యాడ వెట్టినవ్ రా మొయిన్?”

“మగ్గం మీదనే వెట్టొచ్చిన కాకా. ఖుదా కసమ్.”

“మగ్గం మీద అంటె యాడ?”

“నేసిన బట్ట మీద. సిద్దయ్య కాక ముంగట్నే. ఇస్తె ఉంచుకోలే, మల్ల నాకే ఇచ్చిండు. గందుకని గాడ వెట్టి, ఎనకకు సూడకుంట వచ్చిన.”

“ఏడ్సుకుంట వచ్చినవట గద. ఎదురింటి బీరమ్మ సూసిందట.”

“ఏడ్సిన. ఎందుకు ఏడ్వద్దు? మా అబ్బా సచ్చిపోయి ఇంక నెల గాలే.”

ఎల్లస్వామి లాకప్పు ఊచల ఇవతల ముక్కాలి పీట మీద కూచుని చుట్ట ముట్టించాడు. మనిషి యాభై దాటినవాడు. నిజాం జమానాలో పోలీసు జమేదారు. ఆ సర్కారు పోయి కొత్త సర్కారు రావడంతోటే నౌకరీ ఊడింది. ఊడితే ఊడింది, ముక్కూ చెవులూ ఊడలేదు గదా అని నల్లగొండలో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. పన్నెండేళ్లుగా జనం తెచ్చిపోసే చిక్కుముళ్లు విప్పుకుంటూ బతుకుతున్నాడు. ఎన్ని చూశాడో లెక్కలేదు గాని, ఇంత దిక్కుమాలిన కేసు మాత్రం చూడలేదు.

అయిదు రోజుల కింద, పోచంపల్లికి అవతలనున్న సాలెగూడెంలో సిద్దయ్య అనే నేతగాణ్ని ఎవరో మగ్గం మీదనే తల పగలగొట్టి చంపారు. ఆ సాయంత్రం ఆ ఇంట్లోంచి బయటికి రాగా ఊరు చూసింది ఒక్క మొయినుద్దీన్‌నే. మగ్గం మీద ఉండాల్సిన వెండి జేబు గడియారం మాయమైంది. ఇంకేం కావాలి? సబ్ ఇన్‌స్పెక్టర్ చలపతిరావు కుర్రవాణ్ని రెక్కపట్టి తెచ్చి లోపల పడేశాడు. ఈ మధ్యాహ్నం బస్సుకు నల్లగొండ తీసుకుపోయి మేజిస్ట్రేటు ముందు నిలబెడతాడు. ఖూనీ కేసు. ఒకసారి అక్కడిదాకా పోయిందా, ఇరవై రెండేళ్ల ఈ పిల్లవాడి మెడకు తాడు పడ్డట్టే.

విడ్డూరం ఏమిటంటే, వాణ్ని కాపాడమని ఎల్లస్వామికి కబురంపింది వాడి తల్లి కాదు. చచ్చిపోయిన సిద్దయ్య పెండ్లాం సావిత్రమ్మ. “పోయినాయన ఎట్లనూ రాడు. గా పోరని సేతుల పాపం లేదు. ఆన్నన్న బతికియ్యి అన్నా” అని ఏడ్చుకుంటూ చెప్పి పంపింది.

“సూడు బిడ్డా, జర నిదానంగ మొదట్నుంచి సెప్పు. మీ నాయిన గడియారం సిద్దయ్య దగ్గరకెట్ల వొయింది? సిద్దయ్యది మీ ఇంటికెట్ల వచ్చింది?”

మొయినుద్దీన్ వాచిన పెదవిని నాలుకతో తడుపుకున్నాడు.

“నేను సిన్నగున్నప్పటి ముచ్చట కాకా. రజాకార్లు సిద్దయ్య కాకను కాల్సెతందుకు నిలవెడ్తె మా అబ్బా అడ్డం వడ్డడు. తర్వాత పోలీస్ యాక్షన్ల మా అబ్బాను సంపుతమని జనం తిరుగుతుంటె సిద్దయ్య కాక మగ్గం గుంటల దాసిపెట్టిండు. మీద చీర నేసుకుంట కూసున్నడు. కింద మా అబ్బా. మీదికెల్లి చీర, మధ్యల ఆయిన కాళ్లు.”

“ఊఁ.”

“బయటికొచ్చినంక ఇద్దరు గడియారాలు మార్సుకున్నరు. మా అబ్బాది చేతి గడియారం. పెండ్లిల మా నానా, మా అమ్మీ నాయిన, వెట్టింది. ఎనక అహ్మద్ అలీ అని పేరు చెక్కి ఉంటది. సిద్దయ్య కాకది ఆళ్ల నాయిన సీతారాములు తాతది, జేబుల వెట్టుకునేది. తాత రుమాళ్లు నేస్తె బొంబాయి సేటు మెచ్చి ఇచ్చిండట. ఇద్దర్ల ఎవ్వలు ముందుగాల సచ్చిపోతె, ఆళ్ల దగ్గరున్న గడియారం తిరిగి అవతలింటికి చేర్సాలె. గది మాట.”

“మీ నాయిన పోయిండు గనుక నువ్వు దీస్కపోయినవ్.”

“మా అమ్మీ పంపింది. మందిసొమ్ము ఇంట్ల ఉంచుకోవద్దన్నది. పొద్దుగూకినంక మగ్రిబ్ నమాజ్ సదువుకోని వోయిన. సిద్దయ్య కాక గడియారం చెవుకాడ వెట్టుకోని ఏడ్సిండు. ఏడ్సి, మల్ల నా చేతులనే వెట్టిండు. నువ్వే ఉంచుకో, నువ్వు నా కొడుకువే గదరా అన్నడు. చెహ్లుం నాడు, నలభయ్యో దినం, మీ అబ్బా గడియారం గూడ నేనే తెచ్చిస్తనన్నడు. నేను ఒద్దన్న. మా అమ్మీ మాట ఎట్ల జవదాటాలె? గాడ వెట్టి వచ్చిన. రాత్రి ఇషా అజాన్ ఇనవడ్డప్పుడు నేను మా ఇంట్ల ఉన్న.”

“నీకే ఉంచుకొమ్మన్న ముచ్చట ఇంకెవ్వలన్న ఇన్నరా?”

“ఇంట్ల ఎవ్వలు లేకుండిరి. సావిత్రమ్మ చిన్నమ్మ మా అమ్మీ తోడుకు వొయింది. ఆ రాత్రి ఆడనే పండింది.” వాడు ఊచలు పట్టుకున్నాడు. “కాకా, మా అమ్మీ ఇద్దత్ల ఉన్నది. నాలుగు నెలల పదొద్దులు గడప దాటద్దు. నన్ను సూసెతందుకు సుత రాలేదు. నేను ఉరికొయ్యకు వోయినా ఆమెకు ఎవ్వలో వచ్చి సెప్పాల్సిందే.”

ఎల్లస్వామి చుట్ట నేలకు రాసి ఆర్పేశాడు. 

“ఏమండీ ఎల్లస్వామి గారూ, మా ముద్దాయితో కబుర్లయ్యాయా?”

గుమ్మంలో చలపతిరావు నిలబడి ఉన్నాడు. తెనాలి మనిషి. ముప్పై అయినా నిండలేదు. ఇస్త్రీ చెడని చొక్కా, నూనె చెడని క్రాపు. ఈ జిల్లాకొచ్చి ఎనిమిది నెలలైంది. లంచం ముట్టడు, నిజమే. కానీ తొందర మాత్రం ఒకరికిచ్చేంత ఉంది.

“అయినయ్ సాబ్. ఒక్కసారి ఆ మగ్గపింటి తాళం దీయించాలె.”

“ఎందుకండీ? నేను అంగుళం అంగుళం చూశాను.”

“మీరు సూసిండ్రు. నేను సూడలే.”

“చూడండి, మీ పాత పద్ధతులు నాకు తెలియవు గానీ, ఈ కేసులో చిక్కేమీ లేదు. గడియారం వెండిది. దాన్ని వాపసు చేయడానికి వీడికి మనసు రాలేదు. పోట్లాట వచ్చింది. కొట్టాడు. మార్వాడీ కొట్లన్నిటికీ మనుషుల్ని పంపాను. ఇవాళో రేపో బయటపడుతుంది.”

“వాపసియ్య బుద్ధిగాకుంటె ఇంట్లనే ఉంచుకుంటుండె గద. ఇయ్యనీకి వోయి సంపుడేంది సాబ్? అన్నం వెట్టవోయి గిన్నె ఎత్తుకొచ్చినట్టున్నది.”

చలపతిరావు మొహం ఎర్రబడింది. “బస్సు రెండింటికి. అంతలోగా చూసుకోండి. తరువాత మీరు చెప్పేదేదైనా ఉంటే కోర్టులో చెప్పుకోండి” అని టోపీ పెట్టుకున్నాడు.

సిద్దయ్య ఇంటి వాకిట్లో మైల పట్టిన ఇంటి లక్షణాలన్నీ ఉన్నాయి. పొయ్యి మీద ఎసరు లేదు. అరుగు మీద సిద్దయ్య పెద్దకొడుకు వెంకటరాజం, కొరివి పెట్టినవాడు గనుక ఒంటిమీద అంగీ లేకుండా, నడుముకు తెల్లపంచ చుట్టుకుని కూచున్నాడు. ముప్పై ఏళ్లవాడు. నాలుగేళ్ల కిందట తండ్రితో మాటామాటా పెరిగి మగ్గం వదిలేసి, జడ్చర్లలో బట్టల దుకాణంలో నౌకరీకి కుదిరాడు. కబురు తెలిసి మరునాటి సాయంత్రానికి వచ్చానని వాఙ్మూలం ఇచ్చాడు. చలపతిరావును చూడగానే లేచాడు.

“ఎందుకు సారూ ఇంక ఆలస్యం? ఆన్ని పంపిచ్చేయుండ్రి.”

“ఇవాళే పంపిస్తున్నాం.”

“నీ పేరు వెంకటరాజమా?” అన్నాడు ఎల్లస్వామి. “మీ తాత గడియారం మల్ల కనవడితె గుర్తువడ్తవా?”

“గుర్తువట్టకపోవుడేంది?” వెంకటరాజం గొంతు ఒక్కసారిగా మారిపోయింది. “మూత మీద ఒక సొట్ట ఉంటది. నేనే కింద ఏసిన సిన్నప్పుడు. తాత ఒక్క మాటన్లే. ఆరు అంకె సగం చెరిగిపోయింది. తాత పక్కల పండితె దాని సప్పుడు ఇనుకుంటనే నిద్రవోదును. నేను పోయినంక ఇది నీదేరా పెద్దోడా అనేటోడు. మా బాపు తీస్కవోయి...” ఆగిపోయాడు.

“తీస్కవోయి?”

“దోస్తుకు ఇచ్చిండు. తన పానం కాపాడిండని ఇచ్చిండు. ఇయ్యనీ. నేను ఒద్దంటినా?” మొహం పక్కకు తిప్పుకున్నాడు. కళ్లు నిండాయి. పదమూడేళ్ల కింద పోయిన వస్తువు కోసం ఇంత పెద్ద మగవాడు కళ్లనీళ్లు పెట్టుకోవడం చూసి ఎల్లస్వామికి జాలేసింది. మనిషి పోయినా, ఆ మనిషి జేబులో టిక్కుటిక్కుమన్న చప్పుడు చెవులో ఉండిపోతుంది మరి. దానికి ఖరీదు కట్టే షరాబు ఎవడున్నాడు?

జవాను మారయ్య మగ్గం గది తాళం తీశాడు. సిద్దయ్య శవాన్ని బయటికి తెచ్చిన పొద్దుటి నుంచి పోలీసు తాళమే పడి ఉంది. మైల కనుక ఇంట్లోవాళ్లు కూడా మగ్గం ముట్టలేదు.

గది చిన్నది. నేలలో తవ్విన గుంట, గుంటలో కాళ్లు పెట్టి కూచుని నేసే మగ్గం. ఇవతల నేసిన బట్ట దోనె కర్రకు చుట్టుకుని ఉంది. నడుమ పోగులను విడదీసి పట్టే దువ్వెనలాంటి పన్నె. పన్నె దాటి అవతలి గోడదాకా పడుగు, ఇంకా నెయ్యని నిలువుపోగులు, బిగువుగా పరుచుకుని ఉన్నాయి. తెల్లటి పడుగు. అక్కడక్కడా కట్టి రంగులద్దిన ఎర్ర చారలు. ఆ తెలుపు మీద అరచేయంత మేర నెత్తురు ఎండి గోధుమరంగుకు తిరిగింది.

“దోనెను బిగించే మోటుకర్ర ఉందే, దానితో వెనకనుంచి కొట్టాడు,” అన్నాడు చలపతిరావు. “శవం గుంట గట్టుకు జేరగిలబడి ఉంది.”

“ఎనకకు?”

“అవును, వెనక్కి.”

“మరి నెత్తురు ముంగట, పడుగు మీద ఎందుకున్నది?”

 “కొట్టగానే ముందుకు పడి ఉంటాడు.”

“ముందుకు పడ్డోడు సచ్చినంక లేచి ఎనకకు ఆనుకోడు గద సాబ్. ఎవ్వడో లేపి పండవెట్టిండు. సంపినోడే, మల్ల భుజాలు వట్టుకోని లేపిండు.”

ఎల్లస్వామి చుట్టూ చూశాడు. గుంట పక్కన గుంజకు ఒక మేకు. మేకుకు తోలుపట్టీతో చేతి గడియారం వేలాడుతోంది. నేతగాళ్లు మగ్గం మీద కూచునేటప్పుడు చేతికి ఏదీ ఉంచుకోరు, పట్టీ పోగులకు తగులుతుందని. దాన్ని తీసి వెనక్కి తిప్పాడు. ఉర్దూ అక్షరాలు చెక్కి ఉన్నాయి. అహ్మద్ అలీ. తాళం తిప్పే దిక్కు లేక ఎప్పుడో ఆగిపోయింది.

“దీన్ని ఎందుకు తీస్కపోలే సాబ్?”

“ఎవరు?”

“మొయిన్. ఇది ఆని నాయినది. పెండ్లి నాటిది. దీంతోని పోలిస్తె ఆ పాత జేబు గడియారానికి బజార్ల సగం పైసలు రావు. గుంజకే ఉన్నది, చెయ్యి సాపితె అందుతది. నాయిన గుర్తును ఇడిసి, పరాయింటి గడియారం ఎత్తుకవోయిండా?”

“భయంలో చూసుకుని ఉండడు.”

“శవాన్ని లేపి సక్కగ పండవెట్టినోనికి భయమేడిది?”

“ఎల్లస్వామి గారూ! మీరు చెప్పేవన్నీ ఊహలు. నాకు సాక్ష్యం కావాలి. కంటికి కనిపించేది, చేతికి తగిలేది.” చలపతిరావు కోపం కక్కాడు. “మీకు నౌకరీ పోయిందని నామీద కక్ష తీర్చుకోకండి.”

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.  కోపమొచ్చినప్పుడు కండ్లకు పని చెప్పాలె, నోటికి కాదు అని ఆయన గురువు, పాత ఠాణా పెద్ద అయిన ముసలి అమీన్ చెప్పేవాడు. మోకాళ్ల మీద కూచుని పడుగు మీదికి వంగాడు.

ఎండిన నెత్తురులో పోగులన్నీ గోధుమరంగులో ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. కానీ అన్నీ కాదు. మరక నడిమధ్యలో కొన్ని చోట్ల వేలెడంత పొడవున పోగు మల్లెపువ్వులా తెల్లగా ఉంది. అటూ ఇటూ గోధుమరంగు, నడుమ తెలుపు.  ప్రతి తెల్లముక్కకు రెండు కొసల్లోనూ నువ్వుగింజంత ముడి.

“సాబ్, జర గిట్ల రండ్రి. గీ మరక నడుమ గిది ఏం కనవడ్తాంది?”

“దారం. తెల్ల దారం.”

“సుట్టూ నెత్తురుండంగ గిది తెల్లగ ఎట్లున్నది?”

చలపతిరావు వంగి చూశాడు. ఈసారి తొందరపడలేదు.

“సిద్దయ్య పడ్డప్పుడు పోగులు తెగినయ్. తెగినకాడ కొత్తపోగు వెట్టి అతికిండ్రు. నెత్తురు కారినంక, అది ఎండినంక అతికిండ్రు. గందుకే దీనికి మరక అంటలే. ఆ పొద్దుటికెల్లి గదికి మీ తాళమే. అంటె సంపినోడే, సంపినంక, దీపం ముంగట వెట్టుకోని కూసోని పోగులు ముడేసిండు.”

“పిచ్చా ఏమిటి? మనిషిని చంపి దారాలు ముడివేస్తూ కూచుంటారా ఎవరైనా?”

“సాలోడైతె కూసుంటడు. పోగు తెగి ఉంటె మగ్గం ఇడిసి లేవద్దని పుట్టుకతోనే నేర్పుతరు. ఇంట్ల పీనుగున్నా సరే, చెయ్యి దానంతటది వోతది. వాడు సోంచాయించి, తెలిసి ఏసిన ముళ్లు గావు సాబ్ ఇవి. నాయినా తాతా ఏయించిన ముళ్లు.” ఎల్లస్వామి లేచి నిలబడ్డాడు. “మొయిన్ ఇంట్ల మగ్గం లేదు. వాడు సైకిళ్ల దుకాన్ల పంక్చర్లు ఏసెటోడు. వానికి ఇంత సన్న ముడి ఏసుడు ఎట్ల వస్తది?”

“రాదని ఏముంది? చిన్నప్పటి నుంచి ఈ ఇంట్లో తిరిగినవాడే కదా. నేర్చుకుని ఉండొచ్చు. ఇప్పుడు వెయ్యమంటే రాదని నటిస్తాడు.” అన్నాడే గాని చలపతిరావు గొంతులో మునుపటి జోరు లేదు. “ఇది సాలెవాళ్ల ముడేనని, మొయినుద్దీన్ ముడి కాదని ఎవరైనా చెప్పాలి కదా. ఎవరు చెబుతారు?”

“ఇంటామెనే సెప్తది. మారయ్యా, సావిత్రమ్మను పిలువు.”

పిల్లవాడు బయటపడే దారి దొరికిందన్న సంతోషంలో ఎల్లస్వామి ఆ మాట అనేశాడు. అన్న తరవాత ఎందుకో మనసులో కలుక్కుమంది. సాలెవాడంటే ఏ సాలెవాడు? ఆ చేతి గడియారాన్ని కాదని, పాతదాన్నే తీసుకుపోయే సాలెవాడు ఎవడు? ఆలోచన ఒక కొలిక్కి వచ్చేలోగా సావిత్రమ్మ గుమ్మంలోకి వచ్చింది.

ఆమె తల మీది కొంగు కండ్లదాకా దించుకుని ఉంది. అయిదు రోజుల్లో అయిదేళ్లు పెరిగినట్టున్నది. మగ్గం వైపు చూడకుండా ఎల్లస్వామి మొహంలోకే చూసింది.

“అన్నా, మొయిన్‌ను బస్సెక్కిస్తున్నరట గద. ఆళ్లమ్మ ఇక్బాల్ బీ పర్దా ఎనక తల గుద్దుకుంటాంది. అన్నం తినక మూడొద్దులాయె. నా ముఖం ఎట్ల సూపాలె ఆమెకు?”

“ఎక్కియ్యకుంట ఆపెతందుకే పిలిసిన చెల్లె. ఒక్కసారి గీ ముళ్లు సూడు. ఇవి నేత దెలిసినోడు ఏసినవా, తెల్వనోడు ఏసినవా? గంత సెప్పు సాలు.”

సావిత్రమ్మ గుంట గట్టు మీద కూచుంది. వంగింది. మగని నెత్తురు చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. తరువాత చెయ్యి చాపి వేలికొసతో ఒక ముడిని తడిమింది. పక్కదాన్ని తడిమింది. మూడోదాని మీద వేలు ఆగిపోయింది.

ఆగిన ఆ వేలును చూసి ఎల్లస్వామికి అంతా తెలిసిపోయింది. ఛీ, ఏం పనిచేసినవ్ రా ఎల్లస్వామీ అని తన్ను తానే తిట్టుకున్నాడు. నలభై ఊళ్ల దొంగల్ని పట్టిన తెలివి, ఒక తల్లిని పిలిచే ముందు ఒక్క నిమిషం ఆగమని చెప్పలేదు.

“ఏమ్మా? సాలెవాళ్ల ముడేనా?” అని చలపతిరావు అడిగాడు.

 ఆమె వేళ్లు పోగుల మీదే ఉన్నాయి. ఒక్క గుంజు గుంజితే చాలు. నువ్వుగింజంత ముళ్లన్నీ ఊడి దుమ్ములో కలిసిపోతాయి. ఆ తరువాత ఏ కోర్టూ వాటిని వెతికి తేలేదు. వాకిట్లోంచి వెంకటరాజం దగ్గు వినిపించింది. ఆమె వేళ్లు ఆ పోగులన్నిటినీ చుట్టి పట్టుకున్నాయి. చలపతిరావుకు అది కనిపించలేదు. ఎల్లస్వామికి కనిపించింది. ఆపుదామని చెయ్యి లేపాడు. లేవడానికైతే లేచింది గాని ముందుకు పోలేదు. ఏ హక్కుతో ఆపుతాడు? ఒక కొడుకుకు బదులు ఇంకో కొడుకును ఇమ్మని ఏ నోటితో అడుగుతాడు?

 సావిత్రమ్మ వేళ్లు వదులు చేసి చెయ్యి ఒళ్లోకి తీసుకుంది.

“సాలోళ్ల ముడే సారూ,” అంది. “అందరి ముళ్లు ఒక్క తీరు ఉండయి. చూపుడేలితోని మడిసి బొటనేలితోని దిగదోస్తరు. ఇది గట్ల లేదు. ఇది నడిమేలితోని ఏసింది. పోగుకొస ఎనకకు తిరిగున్నది సూడుండ్రి.”

“అంటే?”

“ఏడేండ్లప్పుడు దర్వాజల వడి సూపుడేలు నలిగింది. మల్ల వంగలే. ఎట్ల ఏస్తవ్ రా ముడి అని ఆళ్ల బాపు కోప్పడితె, నేనే ఒళ్లె కూసోవెట్టుకోని నడిమేలితోని నేర్పిన. ఈ గూడెంల ఇంకెవ్వలు గట్ల ఎయ్యరు.” ఆమె గొంతు వణకలేదు. అదే భయంకరంగా ఉంది. “నా పెద్దకొడుకు ఏసిన ముళ్లు ఇవి.”

 “వెంకటరాజమా? అతను ఆ రాత్రి జడ్చర్లలో...”

“గట్లనే అన్నడు నాతోని గూడ.”

గుమ్మంలో నీడ పడింది. వెంకటరాజం వచ్చి నిలబడ్డాడు. మారయ్య వెనకనుంచి వాడి భుజం పట్టుకోబోతే విదిలించుకోలేదు, పారిపోలేదు. తల్లి మొహం చూశాడు, పడుగు చూశాడు. గడప మీద కూలబడ్డాడు.

“బాపుతోని మాట్లాడుదామనే వచ్చిన అమ్మా,” అన్నాడు. “నాలుగేండ్లాయె, మంచిగ మాట్లాడుదామని వచ్చిన. కిటికీకాడ నిలవడ్డ. తాత గడియారం తిరిగొచ్చిందని పానం లేచొచ్చింది. గంతల్నే గా మాటన్నడు. నువ్వు నా కొడుకువే, నువ్వే ఉంచుకో అన్నడు ఆనితోని. మొయిన్ ఎల్లిపోయినంక లోపటికొచ్చి అడిగిన. నాకియ్యి బాపూ, తాత నాకిస్తనన్నడు అన్న. నీకెందుకురా, ఇల్లిడిసిపెట్టి పోయినోనికి అన్నడు. నాదిక్కు సూడనన్న సూడలే. నేసుడు ఆపలే.”

పంచ మడతలోకి చెయ్యి పెట్టాడు. ఎల్లస్వామి ముందుకు దూకబోయాడు. కత్తి కాదు. వెండి గొలుసు బయటికొచ్చింది, దాని కొసన సొట్టపడ్డ మూతతో జేబు గడియారం.

“ఆగనియ్యలేనే అమ్మా,” అన్నాడు వెంకటరాజం ఎక్కెక్కి ఏడుస్తూ. “రోజూ చావి ఇస్తున్న.”

దాని చప్పుడు గదిలో అందరికీ వినిపిస్తోంది. చలపతిరావు వంగి దాన్ని వాడి చేతిలోంచి తీసుకున్నాడు. ఎల్లస్వామి మీద ఈ పూట గెలవాలని వచ్చిన మనిషి, ఓడినందుకైనా కోపం తెచ్చుకునే ఓపిక లేనట్టు నిలబడ్డాడు. మారయ్య బేడీలు తీశాడు.

సావిత్రమ్మ కొడుకు వైపు తిరగలేదు. తిరిగితే మళ్లీ లేవలేనని ఆమెకు తెలుసు. గుంట గట్టు పట్టుకుని లేచి, కొంగు సర్దుకుని చలపతిరావు ముందుకు వచ్చింది.

“ఇగ మా మొయిన్‌ను ఇడిసిపెట్టుండ్రి సారూ,” అంది. “ఆళ్లమ్మ గడప దాటి రాదు. నేనే తీస్కపోయి అప్పజెప్పాలె.”